చంటిదాని తల వెనక నా చెయ్యి

నా పని తలచుకుంటే ముందు కనబడేది ఆవిరి. కాగులో నీళ్లు మరుగుతుంటాయి. ఓరగా వేసిన తలుపు సందులోంచి చలికాలపు ఎండ ఒక బద్దలాగా లోపలికి పడుతుంది. ఆ ఎండలో ఆవిరి మెల్లగా తిరుగుతుంటే అవతల పీట మీద కూర్చున్న బాలింత ముఖం కాసేపు కనబడుతుంది, కాసేపు కనబడదు. అది ఎవరి ముఖమో ఇప్పుడు చెప్పలేను. ఈ ఉక్కు ఊళ్లో కద్మా, అగ్రికో, ఆదిత్యపూర్ పేటల్లో ఎన్ని ఇళ్లు తిరిగానో. అన్ని స్నానాల గదులూ కలిసి ఒక్క గదైపోయాయి. పసుపు, ఆముదం, సాంబ్రాణి, గుడ్డల్లో పులిసిన పాల వాసన. ఇప్పటికీ మధ్యాహ్నం కన్ను మూతబడితే ఆ గదిలోకే వెళతాను.

కలలో వెళ్లడం తేలిక. పని అంత తేలిక కాదు. మన బస్తీ అమ్మాయిలు ముగ్గురు నలుగురు ఇప్పుడు ఈ పనికి పోతున్నారు. పురిటింట్లో తల్లినీ బిడ్డనూ చూసుకునే ఈ పనిని ఇక్కడివాళ్లు జాపా అంటారు. ఆ అమ్మాయిల కోసమే రాస్తున్నాను. నాది మూడో తరగతి చదువు. అక్షరాల్లో తప్పులుంటే మీరు దిద్దుకోండి. పనిలో నేను చేసిన తప్పులు నేనే దిద్ది చెబుతాను.

పని అంటే

ఉక్కు కంపెనీ భోంపు, అంటే షిఫ్టు కూత, మోగి మొగవాళ్లు సైకిళ్ల మీద వెళ్లిపోయాక ఇల్లు ఒక్కసారిగా మెత్తబడుతుంది. అప్పుడు వెళ్లేదాన్ని నేను. ముందు తల్లికి ఒంటికి నూనె, వేడినీళ్లు, జుట్టుకు సాంబ్రాణి పొగ. తర్వాత బిడ్డ. గచ్చు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా వేసుకుని, ఆముదం రాసి, కాళ్లూ చేతులూ సాగదీసి, నలుగుపిండితో రుద్ది నీళ్లు పోయాలి. తడి తుడిచి, పాత చీర గుడ్డలో చేతులు లోపలపెట్టి గట్టిగా చుట్టి తల్లికి అందించాలి.

పసిబిడ్డకు సబ్బెందుకు, పౌడరెందుకు. దుకాణంలో కొన్న మెత్తటి తువ్వాలు కన్నా నాలుగేళ్లు ఉతికిన నేతచీర మెత్తన. ఇవి నేను అన్ని ఇళ్లలోనూ చెప్పాను. కొందరు పిసినారిదన్నారు. అనుకోనివ్వండి. బిడ్డ ఒంటికి ఏది మంచిదో అదే చవక కూడా అయితే నా తప్పా.

బాలింతలు మేలుకున్నట్టూ ఉండరు, నిద్రపోయినట్టూ ఉండరు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతారు. గోడ మీద ఎండ జరగడం చూస్తుంటారు. ఆ రోజుల్లో వాళ్లకు ఏం చెప్పినా నేరుగా లోపలికి దిగిపోతుంది, మంచైనా చెడైనా. అందుకే మన నోరు మన అదుపులో ఉండాలి. నాది ఉండేది కాదు.

పాలిచ్చేటప్పుడు నొప్పెడుతోందని ఎవరైనా అంటే నా దగ్గర ఒకే మందుండేది. ఓర్చుకో. నాకు నలుగురు పిల్లలు, నేను ఓర్చుకోలేదా అనేదాన్ని. బిడ్డ గింజుకుంటే దానికీ ఒక మందుండేది. బిడ్డ తల వెనక నా అరచెయ్యి పెట్టి, రొమ్ముకు ఆనించి గట్టిగా అదిమిపట్టడం. పిల్లలు ఏడ్చి ఏడ్చి అలిసిపోయి కాస్త తాగేవారు. అత్తగార్లు చూసి మెచ్చుకునేవారు. "నరసమ్మ సెయ్యి ఏత్తే ఏ గుంటైనా సన్ను పట్టాల్సిందే" అని, అంటే ఏ బిడ్డైనా రొమ్ము పట్టాల్సిందేనని, బస్తీలో పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా నా నడుం ఒక అంగుళం నిటారుగా అయ్యేది.

అగ్రికోలో ఒక గడ్డ

నా చేతి మీద నాకున్న నమ్మకానికి మొదటి దెబ్బ అగ్రికో క్వార్టర్స్‌లో తగిలింది. ఇచ్ఛాపురం వైపు పిల్ల, తొలికాన్పు. ఒక రొమ్ములో పాలు గడ్డకట్టి రాయిలా అయింది. చర్మం ఎర్రగా, ముట్టుకుంటే కాలుతోంది. పిల్లకు చలి, వణుకు. నేను తవుడు మూట వేడిచేసి కాపడం పెట్టి, పిండి పిసికినట్టు పిసికాను. రెండు రోజులు. ఆ పిల్ల దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ వైపు పాలు చెడిపోయాయి, బిడ్డకు ఇవ్వకు అని కూడా చెప్పాను.

మూడో రోజు వాళ్లు కద్మాలో ఒక బెంగాలీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే లోపల చీము పట్టిందని కోసి తీసింది. నన్ను పిలిపించింది. సన్నగా, పొట్టిగా ఉండేదా డాక్టరమ్మ. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. తన చేతి వెనక భాగం నా ముందు పెట్టి, నా బొటనవేలితో అక్కడ నొక్కమంది. నొక్కాను. ఇంకా గట్టిగా నొక్కమంది. మర్నాడు మళ్లీ రమ్మంది, అక్కడ కమిలిన మచ్చ ఉంది. అది చూపించి "తుమ్‌నే ఉస్‌కో యహీ కియా" అంది. నువ్వు ఆ పిల్లకు చేసింది ఇదే అని.

ఆవిడ దగ్గర నేర్చుకున్నవి చెబుతాను. గడ్డ కట్టినప్పుడు పిసకకూడదు. తడిగుడ్డతో మెత్తగా తుడిచినట్టు, అంతే. బిడ్డకు ఆ వైపు పాలు మాన్పకూడదు, మాన్పితే గడ్డ పెరుగుతుంది, ఆ పాలతో బిడ్డకేమీ కాదు. ఎరుపు, వేడి, చలిజ్వరం మూడూ కలిస్తే తవుడు మూట వెతుక్కోవద్దు, డాక్టరు దగ్గరికి పంపించండి. పంపిస్తే మన పేరు పోతుందేమోనని ఒక పూట ఆగుతాం చూడండి, ఆ పూటే చీము పట్టేది.

ఆ తర్వాత గడ్డలు పిసకడం మానేశాను. కానీ బిడ్డ తల వెనక నా చెయ్యి మాత్రం అలాగే ఉంది. అది తప్పని ఎవరూ అనలేదు.

సరోజిని

సరోజిని ఆదిత్యపూర్‌లో ఉండేది. మొగుడు రమణ ఖర్కాయ్ ఏటి అవతల చిన్న కారఖానాలో లేతు మిషను మీద పని. ఇంట్లో అత్త పైడమ్మ కూడా. మా శ్రీకాకుళం వైపు వాళ్లే. సరోజినికి మాట తక్కువ, కళ్లు పెద్దవి. మొదటి కాన్పు మగపిల్లాడు. పదకొండు రోజులు నేనే నీళ్లు పోశాను.

నాలుగో రోజుకే దానికి రొమ్ములు పగిలాయి. బిడ్డ నోట్లో పెట్టగానే కళ్లు మూసుకుని కాలివేళ్లు ముడుచుకునేది. వాడు రెండు చప్పరింపులు చప్పరించి విల్లులా వెనక్కి వంగి ఏడ్చేవాడు. నేను చెయ్యేసి అదిమేదాన్ని. పగుళ్లకు ఆముదం రాసేదాన్ని. పదకొండో రోజు పురుడు వెళ్లాక నా పని అయిపోయింది. గుమ్మం దాటుతుంటే సరోజిని అడిగింది.

"పిన్నీ, నొప్పి ఎప్పుడు తగ్గుతాది?"

"నీలాటి సుకుమారానికి తగ్గదు. పాలివ్వడం నీ వల్ల అవ్వదులే" అన్నాను.

అంతే అన్నాను. అది బాలింత అని, చెప్పింది నేరుగా దిగిపోతుందని, నాకు తెలుసు. వారం తిరక్కుండా పాలు మానేసి డబ్బాపాలు సీసాలో పట్టారు. వాన రోజులొచ్చాయి. వాళ్ల వాడలో అందరిదీ ఒకే చేతిపంపు. పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగో నెల నిండకుండానే పోయాడు.

కద్మా బజారులో కూరలు కొంటుంటే ఒకావిడ చెప్పింది. నేను కూరలు కొనుక్కుని ఇంటికొచ్చాను. వండాను, తిన్నాను. నా తప్పేం ఉందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారి చెబితే సరిపోయే మాట అయితే అన్నిసార్లు చెప్పుకోనక్కర్లేదు.

రెండోసారి

రెండేళ్ల తర్వాత ఒక చలికాలం పొద్దున పైడమ్మ మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒదినా, మా సరోజినికి ఆడపిల్ల పుట్టింది. ఎనిమిది రోజులయ్యింది. నువ్వొచ్చి నీళ్లొయ్యాల."

"ఎనిమిది రోజులూ ఎవులు పోసేరు?"

"నానే పోసేను. నా నడుం పడిపోనాది. అదీగాక..." ఆగింది. "గుంట తాగనేదు. గింజుకుంతంది. మల్లీ అలగే అవుతాదేమోనని నాకు బయ్యంగా ఉంది. రమణ డబ్బా కొనుక్కొచ్చి గూట్లో ఎట్టేడు."

"సరోజిని నన్ను రమ్మందేటి?"

"అదేటీ అననేదు" అంది పైడమ్మ.

వంతెన దాటి నడిచి వెళ్లాను. ఖర్కాయ్ మీద మంచు ఉంది, అవతలి ఒడ్డు లేనట్టే ఉంది. నేను నడుస్తుంటే ఒడ్డే నా వైపు వస్తున్నట్టనిపించింది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామని రెండుసార్లు ఆగాను.

గదిలో సరోజిని గోడకానుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. బిడ్డ ఒళ్లో వెల్లకిలా పడుకుని మెడ ఒక పక్కకు తిప్పుకుని ఉంది. తల్లి నన్ను చూసి నవ్వలేదు, ముఖం తిప్పుకోలేదు. గూట్లో పాలడబ్బా, పక్కన కొత్త సీసా. మూత ఇంకా తియ్యలేదు.

బిడ్డ తొడలు చూశాను. చర్మం వదులుగా ముడతలు పడుతోంది. గుడ్డల సంగతి అడిగాను. రోజుకు మూడు సార్లు కూడా తడపడం లేదట. ఆరేడు సార్లయినా తడపాలి బిడ్డ, అప్పుడే కడుపులోకి పాలు వెళుతున్నట్టు. మీరు వెళ్లిన ఇంట్లో ముందు అడగవలసింది అదే.

"ఏదీ, పాలివ్వు చూద్దాం" అన్నాను.

ఇచ్చింది. బిడ్డ నోరు సగం తెరిచి చనుమొన చివర పట్టుకుంది. సరోజిని కాలివేళ్లు ముడుచుకున్నాయి. ఇంతలో పాలు చేపుకు వచ్చి జివ్వున దూకాయి. బిడ్డకు పొలమారింది. వదిలేసి, చుట్టిన గుడ్డలోపల చేతులు కొట్టుకుంటూ వెనక్కి విరుచుకుపడింది. నా చెయ్యి దానంతట అదే వెళ్లి బిడ్డ తల వెనక పడింది. అదిమాను. బిడ్డ నా అరచేతికి ఎదురుతిరిగి తోసింది. ఎనిమిది రోజుల బిడ్డ. అంత బలం ఎక్కడిదో.

"పిన్నీ, వద్దు" అంది సరోజిని. రెండేళ్లలో అది నాతో అన్న మొదటి మాట.

చెయ్యి తీశాను. రొమ్ము చూశాను. మొన గుండ్రంగా లేదు. పలక మీద ఒకే వైపు అరిగిన బలపం కొసలా నలిగి వాలి ఉంది. కొస మీద నెత్తురు చార. బిడ్డ దవడల మధ్య నలుగుతోందన్నమాట. అది ఇన్నేళ్లూ నాకు కనబడుతూనే ఉంది. నేను చూడలేదు.

"నాకు సచ్చిపోయేంత నొప్పిగా ఉంది" అంది సరోజిని మెల్లగా. కిటికీ వైపు చూస్తూ, ఎవరి గురించో చెబుతున్నట్టు. "అయినా ఇత్తాను. డబ్బా మూత తీత్తే మల్లీ వానలొత్తాయి."

మధ్యాహ్నం షిఫ్టుకు వెళుతున్న రమణ గుమ్మంలో నిలబడి చెప్పులేసుకుంటున్నాడు. కుర్రాడు ఇక్కడే పుట్టాడు, తల్లి తెలుగులో ఏం అడిగినా హిందీలోనే జవాబు. ఈ మాట మాత్రం తెలుగులోనే తగిలినట్టుంది, గూట్లో డబ్బా వైపు ఒకసారి చూశాడు. వెళ్లిపోయాడు.

రేపటి దాకా చూద్దాం, మూత తియ్యకండి, పాలు పిండి చెంచాతో పట్టండి అని చెప్పి బయటికొచ్చాను. రేపు ఏం చెయ్యాలో నాకు తెలియదు.

ఇసక కుప్ప

వాళ్ల ఇంటి పక్క ఖాళీ జాగాలో కొత్త ఇల్లు లేస్తోంది. ఆ రోజుల్లో ఆదిత్యపూర్‌లో ఎటు చూసినా అదే, ఇటుకలు, ఇసక, సగం లేచిన గోడలు. పని ఆగింది, కూలీలు తింటున్నారు. ఇటుకల దొంతర మీద కూర్చున్నాను.

ఎదురుగా ఇసక కుప్ప. ఇసక మోసే హో తెగ ఆడమనిషి ఒకతె దాని మీద వెనక్కి వాలి పడుకుని బిడ్డకు పాలిస్తోంది. అక్కడ ఆడకూలీలను రేజాలంటారు. ఆవిడ పేరు సోమ్‌వారీ అని తర్వాత తెలిసింది. నిజం చెప్పాలంటే వాళ్లను నేను ఎప్పుడూ మనుషుల్లా చూసింది లేదు. శుభ్రం తెలియదు, స్నానం చేయించడం తెలియదు అనేదాన్ని.

ఎండ మెత్తగా ఉంది. పరిగెత్తే మబ్బుల నీడ ఇసక మీద జారుతోంది. నేను చూస్తున్నానో, కునుకు తీస్తున్నానో నాకే తెలియనట్టు ఉంది. బిడ్డ తల్లి మీద బోర్లా పడుకుని ఉన్నాడు. పొట్టకు పొట్ట. ఒంటికి గుడ్డ లేదు, రెండు చేతులూ తల్లి రొమ్ముకు ఇటూ అటూ వేసి ఉన్నాయి. తల వెనక చెయ్యి లేదు. ఆవిడ ఒక చెయ్యి బిడ్డ వీపు మీద ఉంది, రెండో చేతిలో రొట్టె. బిడ్డ కోడిపిల్లలా తల ఆడించాడు. గడ్డం ముందు తగిలింది. తలెత్తి, ఆవులించినట్టు నోరంతా తెరిచి, మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోటినిండా పట్టాడు. బుగ్గలు నిండుగా ఉన్నాయి. కాసేపటికి వదిలేశాడు. పాలు చిమ్మి వాడి ముఖం మీద పడ్డాయి. నేనైతే చెయ్యేసి అదిమేదాన్ని. సోమ్‌వారీ నవ్వి కొంగుతో తుడిచి ఊరుకుంది. జోరు తగ్గాక వాడే మళ్లీ పట్టుకున్నాడు. గుటక, గుటక, మధ్యలో ఒక ఊపిరి. అంత దూరానికి వినబడింది.

"క్యా దేఖ్ రహీ హో, మౌసీ?" ఏం చూస్తున్నావు పిన్నీ అంది.

లేచి దగ్గరికి వెళ్లాను. నీకు నొప్పెట్టదా అని నా వచ్చీరాని హిందీలో అడిగాను.

"దర్ద్ కాహే కా?" అంది. నొప్పెందుకని. "వో అప్‌నే పీతా హై. హమ్ థోడీ పిలాతే హైఁ."

వాడే తాగుతున్నాడు, నేనేమైనా తాగిస్తున్నానా అని.

పక్కన రొట్టె తింటున్న ఇంకొకతె ఏదో వాళ్ల మాటలో అంటే ఇద్దరూ నవ్వారు. నా గురించే అయి ఉంటుంది. బాలింతలకు చెప్పుకుంటూ తిరిగే ముసలిది ఇసక కుప్ప దగ్గర పాలివ్వడం ఎలాగో అడుగుతోందని. నవ్వుకోనివ్వండి అనుకున్నాను.

ఇంటికి నడుస్తూ లెక్క తేల్చుకున్నాను. నీళ్లు పోసేటప్పుడు కాళ్లు చాపి బిడ్డను వెల్లకిలా వేసుకుంటాం. నీళ్లకు అది సరే. ఆ కూర్చోవడమే పాలకూ పట్టుకొచ్చాం మేము, నీళ్లు పోసేవాళ్లం. కాళ్ల మీది బిడ్డను అలాగే తల్లి ఒళ్లో వెల్లకిలా పెట్టి పొమ్మన్నాం. మనం మెడ పక్కకు తిప్పి ఒక గుక్క నీళ్లు మింగి చూస్తే తెలుస్తుంది ఎంత సుఖమో. చేతులు కట్టేశాం. జిడ్డు ఆముదం రాసి జారేలా చేశాం. ఆ పైన తల పట్టి అదిమాం. తల వెనక నుంచి తోస్తే పెద్దవాళ్లమైనా వెనక్కే తోస్తాం. బిడ్డ గింజుకోవడం పొగరు కాదు, దిష్టి కాదు. నన్ను వదలమని చెప్పడం.

మర్నాడు

మర్నాడు నీళ్లు పొయ్యకుండా ముందు పాల సంగతి చూశాను. పైడమ్మకు నచ్చలేదు.

"ఇదేటొదినా, బొంతలన్నీ ఇలగ ఏసేవు? బాలింత ఈజీచైర్లో దొరగారిలాగ పడుకుంతాదేటి?"

"పడుకుంటుంది. నువ్వు కాసేపు బయట కూర్చో, పైడమ్మా."

"మా అత్త బతికుంటే..."

"బతికుంటే ఆవిణ్ని కూడా బయట కూర్చోమనేదాన్ని."

గొణుక్కుంటూ వెళ్లింది. బొంతలు, దిండ్లు గోడకు ఏటవాలుగా పేర్చి సరోజినిని వాటి మీద వెనక్కి వాలమన్నాను. పగుళ్ల మీది ఆముదం తడిగుడ్డతో తుడిచేశాను. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా పగుళ్లకు ఆముదం రాయలేదు. పాలిచ్చాక ఆ పాలే రెండు చుక్కలు రాసి గాలికి ఆరనివ్వడం, అంతే. నొప్పి తక్కువున్న వైపు ముందు ఇమ్మన్నాను. మొదటి జోరు గుడ్డలోకి కొద్దిగా పిండెయ్యమన్నాను. పాలు అలా పారబోయడం నాకు ప్రాణం ఒప్పదు, అయినా చెప్పాను.

బిడ్డ గుడ్డ విప్పేశాను. రెండు చేతులూ బయటికి వచ్చాయి, పక్షి కాళ్లలా సన్నగా. తల్లి పొట్ట మీద బోర్లా పెట్టాను. వీపు మీద తల్లి చెయ్యి పెట్టించాను. నా చేతులు రెండూ నా వెనక పెట్టుకున్నాను. లేకపోతే వెళ్లిపోతాయి.

బిడ్డ ఏమీ చెయ్యలేదు. పడుకుంది. గోడ మీద ఎండ కదులుతోంది. బయట ఎవరో ఇటుకలు దించుతున్నారు. ఎంతసేపు అలా ఉన్నామో. ఏమీ జరగని ఆ కాసేపు నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ కలలో వస్తుంది. కలలో ఆ బిడ్డ కదలదు.

ఆ రోజు కదిలింది. తల ఇటు, అటు. గడ్డం తగిలింది. పిడికిలి వచ్చింది, నాకింది. నోరు తెరిచి మళ్లీ చివరే పట్టుకుంది. సరోజిని కాలివేళ్లు ముడుచుకున్నాయి.

"చిటికెనవేలు నోటి మూల పెట్టు" అన్నాను. "గాలి వెళ్లి వదిలేస్తుంది. లాగకు. మళ్లీ పట్టనీ."

"మల్లీనా పిన్నీ."

"మళ్లీ. ఓర్..." ఓర్చుకో అనబోయాను. ఆపుకున్నాను. "నొప్పెడితే వదిలించెయ్యి. నొప్పెట్టనప్పుడు ఇద్దువుగాని."

మూడుసార్లు వదిలించింది. నాలుగోసారి బిడ్డ తలెత్తింది, ఆవులించినట్టు తెరిచింది, నోటినిండా పట్టింది. బుగ్గలు నిండాయి. దవడ చెవి దాకా కదిలింది. పాలు చేపుకు వచ్చినప్పుడు ఒకసారి వదిలి దగ్గింది. ఇద్దరమూ ఊరుకున్నాము. తల్లి కొంగుతో తుడిచింది. బిడ్డే వెతుక్కుని మళ్లీ పట్టింది.

నేను సరోజిని కాళ్ల వైపు చూస్తున్నాను, ముఖం వైపు కాదు. ముఖాలు అబద్ధం చెబుతాయి. కాలివేళ్లు ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి.

గుటక వినబడింది. పైడమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏదో అనబోయి, విని, కింద కూర్చుండిపోయింది.

సరోజిని కళ్లలోంచి నీళ్లు చెవుల వైపు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"పిన్నీ" అంది. నిద్రలోంచి మాట్లాడుతున్నట్టుంది గొంతు. "నొప్పి నేదు."

"ఊఁ."

"ఇలగ ఉంటాదా ఇది?"

అవునన్నట్టు తలూపాను.

"మరి బాబుకప్పుడు ఇలగ ఎందుకు సెప్పనేదు?"

అందులో నింద లేదు. నింద ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, నా నోరు నాకు తెలుసు. తెలుసుకోవాలని అడిగింది, అంతే.

"నాకు తెలీదమ్మా" అన్నాను. "నిన్నటి దాకా నాకు తెలీదు. తెలియనిదాన్ని ఊరుకోకుండా నీ వల్ల అవ్వదన్నాను. అది నా తప్పు."

ముప్ఫై ఏళ్ల పనిలో ఒక బాలింతతో నా తప్పు అన్నది ఆ ఒక్కసారే. మీరు నాలా చెయ్యకండి, ముందే అనండి, అవసరమైనన్నిసార్లు అనండి.

సరోజిని కళ్లు మూసుకుంది. బిడ్డ గుటకలు మధ్య మధ్య ఆగుతున్నాయి, పిడికిలి విడిపోయి అరచెయ్యి తల్లి మీద చాపి ఉంది. నిద్రపోయారనుకున్నాను ఇద్దరూ. లేవబోయాను.

"పిన్నీ" అంది కళ్లు తెరవకుండానే. "నలుగురిని కన్నావు గదా. నీకూ నొప్పెట్టేదా?"

అత్త అడగలేదు, మొగుడు అడగలేదు, నన్ను కన్న తల్లి అడగలేదు. పాలివ్వడమంటేనే అది అనుకుని పళ్లు బిగబట్టుకున్నాను, నలుగురికీ.

"అవునమ్మా" అన్నాను. "చాలా నొప్పెట్టేది."

మళ్లీ కూర్చున్నాను.